సోమవారం సంతకం

ఇల్లందులో ఖాలా, అంటే మా పిన్ని ఇంటికని చెప్పి బయల్దేరిన ఒక ఆదివారం నేను అక్కడ ఎక్కువసేపు లేను. షేర్ ఆటో ఎక్కి, అడవిలో ఒక పల్లె పొలిమేర దాకా పోయి, దారికి అడ్డంగా కట్టిన తాడు దగ్గర నిలబడి తిరిగొచ్చాను. ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు నేను ఒంటరిగా పోయిన దూరాల్లో పెద్దది మా ఊళ్ళో గ్రంథాలయం. ఇప్పటికీ నేను ఒక్కదాన్నే బజారుకు పోయి కొత్తిమీర తెస్తే అమ్మీ ఆశ్చర్యంగా చూస్తుంది. రోజూ డైరీ రాసే అలవాటున్నా ఆ రోజు ఎండ ఎంత కాసిందో రాసి ఊరుకున్నాను.

ఎందుకు పోయానో చెప్పాలంటే మా షాపు నుంచి మొదలుపెట్టాలి.

మాది ఖమ్మంలో పరుపులు, దిండ్లు కుట్టే షాపు. రోడ్డుకు అవతలి పక్క పోలీస్ స్టేషన్. డిగ్రీ అయ్యాక నేను షాపులోనే కూర్చుంటున్నాను. దిండు గలీబులు కుట్టడం నా పని, గిరాకీతో మాట్లాడటం మా నాన్న, అబ్బా పని. ఈ ఏర్పాటు మా ఇద్దరికీ బాగుంటుంది. గిరాకీ లేనప్పుడు మిషన్ బల్ల కింద పెట్టుకున్న పుస్తకం తీస్తాను.

ఎండాకాలం మొదట్లో ఇల్లందు అవతలి అడవి పల్లెల నుంచి బూరుగు దూది వస్తుంది. మాకు తెచ్చేది ఎప్పుడూ ఒక్క మనిషే. అంతకుముందు వాళ్ళ నాయన తెచ్చేవాడు, ఆయన పోయాక ఇతను. నాకంటే కొంచెం పెద్ద. దూదిలో బరువు కోసం గింజ వదిలేశారేమోనని అబ్బా అందరి మూటల్లో చెయ్యి పెట్టి వెతికేవాడు, ఇతని మూట మాత్రం అలాగే లోపల పెట్టించేవాడు. అబ్బాను సేటు అని, నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఎక్కువ మాట్లాడడు. నేనూ అంతే. అందుకే మనుషులందరి ముందు బిగుసుకుపోయే నాకు ఇతని ముందు ఆ బాధ ఉండేది కాదు.

ఆ ఏడు మూటలు దించేసరికి చీకటి పడింది. ఇల్లందు పోయే ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. షాపు అరుగు మీదే పడుకున్నాడు. ఆ రాత్రి మాకు రెండు షాపుల అవతల ఉన్న గాజుల దుకాణం షట్టర్ లేపి దొంగలు పడ్డారు. పొద్దున పోలీసులు వచ్చేసరికి వీధిలో ఉన్న కొత్త ముఖం అతనొక్కడిదే. కెమెరాలో మూడు నీడలు కనిపించాయట. ఇద్దరు పట్నం కుర్రాళ్ళను పట్టుకున్నారు, పాత కేసులున్నవాళ్ళు. మూడో నీడకు ఒక మనిషి కావాలి, ఇతన్ని తీసుకుపోయారు.

అతను చేయలేదని నేను కళ్ళతో చూసి చెప్పడం లేదు. అతని మూటల్లో గింజ ఉండదు, నాకు తెలిసింది అంతే. కోర్టులో చెప్పే సాక్ష్యం కాదది.

కొన్ని వారాలకు బెయిల్ వచ్చింది. అయినా బయటికి రాలేదు. సొంత ఇల్లో భూమో కాగితాలతో చూపించగలిగినవాళ్ళు జమానతు ఉండాలన్నారు. ఆ మాట పల్లెకు చేరాక ఒక ట్రాలీ ఆటో నిండా మనుషులు వచ్చారు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. వాళ్ళ దగ్గర ఒక మనిషికి పూచీ పడటమంటే వచ్చి అతని పక్కన నిలబడటం. కోర్టు ఆవరణలో పొద్దుటి నుంచి ఓపిగ్గా కూర్చున్నారు. లాయరు బయటికి వచ్చి, "మీలో పట్టా పాస్‌బుక్ ఎవరికుంది?" అని అడిగాడు. ఎవరికీ లేదు. వాళ్ళు దున్నేది పోడు. దున్నుతున్నారని అడవికి తెలుసు, కాగితానికి తెలియదు.

తలకు తువ్వాలు చుట్టుకున్న ఊరి పెద్దమనిషి లేచాడు. "అందరం వచ్చినం కద సారూ. ఇంకెవర్ని తేవాలె?"

లాయరు ఫోను మాట్లాడుకుంటూ పక్కకు పోయాడు. అబ్బా అక్కడే ఉన్నాడు, నేనూ ఉన్నాను. కాగితాలు చదివి చెప్పడానికి నన్ను వెంట తీసుకుపోతాడు. ఇంటికొచ్చాక అబ్బా అమ్మీతో ఏమీ చర్చించలేదు. బీరువా తీసి ఇంటి కాగితాలు బయటపెట్టాడు. అమ్మీ చాలాసేపు బీరువా తలుపు పట్టుకుని నిలబడి, చివరికి "టోపీ పెట్టుకుని పో, ఎండ ఉంది" అన్నది.

అలా అతను బయటికి వచ్చాడు. షరతు ఒక్కటే, కేసు తేలే దాకా ప్రతి సోమవారం మా ఎదురుగా ఉన్న స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టాలి. లోపల ఉన్నన్ని రోజులూ అతని దిగులు శిక్ష గురించి కాదు. పోడు ఒక్క పంటకారు ఖాళీగా కనిపిస్తే చాలు, అడవి శాఖ వాళ్ళు మొక్కలు నాటేస్తారు. ఆ తర్వాత అది అతని చేను కాదు. భార్యకు చంటిబిడ్డ ఉంది, ఒక్కతే దున్నలేదు. మిరుగు కార్తెకు, తొలకరి వచ్చేసరికి తను చేలో ఉండాలి. అతనికి కావలసింది అదొక్కటే.

మా వీధికి మాత్రం వేరే దిగులు. సాయంత్రం పూట దుకాణాలవాళ్ళు మా షాపులోనే చేరేవాళ్ళు, కూర్చోడానికి పరుపులుంటాయి కాబట్టి. అప్పుడు టీవీల్లో కూడా అదే చర్చ. కొత్త చట్టాలొచ్చాయి, బెయిళ్ళు సులువైపోయాయి, పట్నాల్లో దొంగతనాలు పెరిగాయి అని ఒకరు. నేరం రుజువు కాకుండానే జైళ్ళలో మగ్గేది బీదవాళ్ళే అని ఇంకొకరు. నేను పేపర్లో రెండు పక్కలవీ చదివేదాన్ని. చదువుతున్నంతసేపూ ఎవరిది చదివితే వాళ్ళ మాటే నిజమనిపించేది.

హార్డ్‌వేర్ షాపాయన గొంతు పెద్దది. "పొద్దున పట్కపోతరు, సాయంత్రానికి మనకంటె ముందే చాయ్ హోటల్ల కూసుంటరు. గీ బెయిలేందో, గీ కథేందో. భాయ్, నీ కొత్త పరుపు ఒకటి ఇయ్యరాదు వానికి, మంచిగ పండుకుంటడు."

అందరూ నవ్వారు. అబ్బా సూదిలో దారం ఎక్కిస్తూ, "దొంగైతే కోర్టు చెప్తది. మనిషి నాకు తెల్సు అని చెప్పిన, గంతే" అన్నాడు.

గాజుల దుకాణం పెద్దమ్మ నవ్వలేదు. షాపులో దొంగలు పడ్డప్పటి నుంచి ఆమె నవ్వడం నేను చూడలేదు. "నీకు మనిషి తెల్సు భాయ్. నాకు నా షట్టర్ తెల్సు. పొద్దున తాళం తీయాలంటే చెయ్యి వణుకుతది. నా చెయ్యికి ఎవలు జమానతు ఉంటరు?"

 నేను తల వంచుకుని కుట్టు వేస్తూనే ఉన్నాను. చిన్నప్పుడు ఆమె నా చేతికి గాజులు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా కథలు చెప్పేది. ఆమె మీద నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు.

సోమవారాలు వచ్చి పోయేవి. అతను ఫస్ట్ బస్సుకు దిగేవాడు. సంతకానికి పట్టేది అర నిమిషం, పెట్టించుకునే కానిస్టేబుల్ దొరకడానికి సగం రోజు. అంతసేపూ మా షాపులో కూర్చుని ఊరికే ఉండలేక దూది విప్పేవాడు. ఒకసారి నా చేతిలో పుస్తకం చూసి, "దాంట్లేముంది చెల్లె?" అన్నాడు. ఊరు వదిలిపోయిన మనిషి కథ అని చెప్పాను.

"మరి ఇంటికి తిరిగొచ్చిండా?"

"ఇంకా అంతదాకా చదవలే."

"చదివినంక చెప్పు" అని మళ్ళీ దూదిలో పడ్డాడు.

ఇంతలో పట్టుబడ్డ ముగ్గురిలో ఒక పట్నం కుర్రాడు మళ్ళీ దొరికాడు. ఈసారి మొబైల్ షాపు. ఆ కుర్రాడికి జమానతుదారులు మొదటి వారమే దొరికారు, ఆ పనికి అలవాటైన మనుషులు. బజారు ఒక రోజు మూసేశారు. దొంగతనం కేసుల్లో బెయిల్ ఇవ్వొద్దని వినతిపత్రం రాసి ఊరేగింపుగా పోయారు. అబ్బా కూడా షట్టర్ దించాడు, కానీ వాళ్ళతో పోలేదు. మరుసటి రోజు నుంచి స్టేషన్‌లో మాట మారింది. షరతు ఎవడు తప్పినా పైకి రిపోర్టు పోతుందని చెప్పారు.

మిరుగు దగ్గరపడుతుండగా ఒక శనివారం మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు. పల్లెలో సిగ్నల్ ఉండదు, చెరువు కట్ట ఎక్కి చేయాలి. ఫోన్ నేనే ఎత్తాను.

"చెల్లె, ఊరు కట్టిన్రు. సోమారం రాను, విత్తనం పంచినంక వస్తనని సేటుకు చెప్పు."

లైను తెగిపోయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

ఊరు కట్టడమంటే ఏమిటో అబ్బా చెప్పాడు. విత్తనాల పండుగకు ఇంటింటి విత్తనం ఒకచోట పోసి, దేవత ముందు కలిపి, మళ్ళీ అందరికీ పంచుతారు. పంచే దాకా ఊళ్ళో మనిషి పొలిమేర దాటకూడదు, బయటి మనిషి లోపలికి రాకూడదు. ఆ పండుగ ఎప్పుడనేది పెద్దమనిషి మబ్బు చూసి చెప్తాడు. ముందుగా ఎవరికీ తెలియదు.

అబ్బా వెంటనే రోడ్డు దాటాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. స్టేషన్ మెట్ల మీద కాగితాలు రాసే రైటరు నవ్వుతున్నాడు. "పండుగలకు లీవు మాకే దొరకది భాయ్. మీవోనికెట్ల ఇస్తం?" తర్వాత నవ్వు ఆపి, నోటిమాట చెల్లదని, కోర్టులో ముందే అనుమతి తీసుకోవాలని చెప్పాడు. ఆ రోజు కోర్టుకు సెలవు, మర్నాడు ఆదివారం. లాయరు సోమవారం పిటిషన్ వేస్తానన్నాడు, అది జడ్జి దగ్గరికి సాయంత్రం చేరుతుందో ఎప్పుడు చేరుతుందో తెలియదన్నాడు. అబ్బా బీపీ ఎక్కువై పడుకున్నాడు. ప్రయాణం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

పోయి పిలుచుకురాగలిగేది ఇంక నేనొక్కదాన్నే.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో మనసులో చాలాసార్లు అనుకున్నాను. ఖాలా ఇంట్లో అన్నం తిని, ఫ్రెండ్ దగ్గరికి పోయొస్తానన్నాను. ఆటో అతను మట్టిదారి మొదట్లోనే దింపేశాడు. "లోపలికి రానియ్యరు మేడం, పండుగ. గంటాగి మళ్ళ వస్త, ఈడనే ఉండున్రి."

కొంత దూరం నడిచాక తాడు కనిపించింది. రెండు చెట్లకు కట్టి, మామిడాకులు గుచ్చారు. దానికి అవతల ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తమ భాషలో ఏదో అనుకుని నవ్వారు. ఒకామె తెలుగులో, "ఏంది పిల్లా, పెండ్లి చూపులకొచ్చినవా? మా పోరగాండ్లు ఇయ్యాల బయటికి రారు" అన్నది. మళ్ళీ నవ్వు. నేను చున్నీ సర్దుకుని అతనెవరో చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

ముందు అతని భార్య వచ్చింది, బిడ్డను ఎత్తుకుని. తాడు మీదుగా సొరకాయ బుర్రతో నీళ్ళిచ్చింది. తర్వాత అతను వచ్చాడు. నన్ను చూసి భయపడ్డాడు.

"సేటు మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. రేపు సంతకం పెట్టకుంటే బెయిల్ తీసేస్తమంటున్నరన్నా. ఆటో వస్తది, నాతోటి రా."

అతను తాడు వైపు చూశాడు. "మంగళారం పంచుతరు. బుధారం ఫస్ట్ బస్సుకు వస్త చెల్లె. రెండు దినాలేనాయె."

"సోమారమంటే సోమారమేనట."

"మాకు గూడ గంతే. పంచినంకంటే పంచినంకనే."

కోపంగా అనలేదు. ఇద్దరం ఒకే కష్టంలో ఉన్నామన్నట్టు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. "నేనొక్కన్ని దాటితే ఊరందరి విత్తనం ఖరాబైతది. వాన పోతే నా పేరే చెప్తరు. ఊర్లకు పోలీసోల్లను తెచ్చిందే నేనని ఇప్పటికే అంటున్నరు. నడుమ నడుమ నాతోటి మాట్లాడుడు గూడ బంద్ చేసిన్రు. ఇప్పుడిప్పుడే పిలుస్తున్నరు చెల్లె."

అతని భార్య కిందికి చూస్తూ, "రేపు పట్కపోతరా?" అని నన్ను అడిగింది.

తెలియదన్నాను. నాకు నిజంగా తెలియదు.

అప్పటికి పెద్దమనిషి వచ్చాడు, కోర్టులో లేచి నిలబడ్డ ఆయనే. నేనెందుకొచ్చానో అతను వాళ్ళ భాషలో చెప్పాడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి మెల్లగా అన్నాడు. "ఆ దినం ఊరంత వచ్చి కూసుంటే మా మాట చెల్లకపాయె. ఇయ్యాల ఒక్కని సంతకం కోసం గింత తొందరేంది బిడ్డా? ఎక్కడికి పోతది సంతకం?"

బస్సులో అనుకున్న మాటల్లో ఒక్కటి కూడా దీనికి పనికిరాలేదు. పుస్తకాలు ఇన్ని చదివి కూడా తాడుకు ఇవతల నిలబడి చెప్పులతో మట్టి గీరుతూ ఉండిపోయాను. వాళ్ళు చెప్పేది నాకు అర్థమవుతోంది, స్టేషన్ వాళ్ళు చెప్పేదీ అర్థమవుతోంది. అర్థం కావడం ఎవరికీ అక్కరకు రాలేదు. ఆటో హారన్ వినిపించింది. ఖాలా ఇంటికి, అక్కడి నుంచి ఖమ్మానికి తిరిగొచ్చాను. అబ్బా మంచం మీద నుంచి, "ఖాలా ఎట్లున్నది?" అని అడిగాడు. బాగుందన్నాను.

సోమవారం పొద్దుటి నుంచి నేను మిషన్ తిప్పుతూ రోడ్డు వైపే చూశాను. లాయరు పిటిషన్ వేశాడు. అది విచారణకు రాకముందే స్టేషన్ నుంచి రిపోర్టు వెళ్ళిపోయింది.

బుధవారం ఫస్ట్ బస్సుకు అతను వచ్చాడు, చెప్పినట్టే. నుదుట పసుపు ఉంది. నేరుగా స్టేషన్‌కు పోయాడు. సంతకం పెట్టనివ్వలేదు, కోర్టులో చెప్పుకొమ్మన్నారు. షాపులోకి వచ్చి కూర్చుని, "నేను పారిపోలే కద సేటూ, వచ్చిన కద" అన్నాడు. అబ్బా అతని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రోజు అతను దూది ముట్టుకోలేదు.

తర్వాతి వారం కోర్టు. చెప్పిన టైముకు ముందే వచ్చాడు. సర్కారు లాయరు, ఈ కేసులోనే ఒకడు బెయిల్ మీద పోయి మళ్ళీ షట్టర్ లేపాడని, బజారంతా భయపడుతోందని చెప్పాడు. మా లాయరు పండుగ గురించి చెప్పాడు. జడ్జి గారు విసుక్కోలేదు. పండుగ తేదీ ఏదైనా కాగితంలో ఉందా అని అడిగారు. క్యాలెండర్లో లేదు, పత్రికలో రాలేదు, పంచాయతీ నోటీసు లేదు. మబ్బు చూసి చెప్పిన తేదీ ఏ కాగితంలో ఉంటుంది?

మధ్యలో విరామం దొరికినప్పుడు నేను లాయరు దగ్గరికి పోయాను. నా అంతట నేను ఆయనతో మాట్లాడటం అదే మొదటిసారి. "ఊరు కట్టడం బయటివాళ్ళెవరన్నా చూసి ఉంటే, చెప్తే పనికొస్తదా సార్?"

ఆయన ఫైలు లోంచి తల ఎత్తాడు. "పండుగ లేదని ఎవరంటున్నరమ్మా? ముందుగ పర్మిషన్ తీసుకోలేదంటున్నరు. చూసినోళ్ళు వందమంది వచ్చినా గంతే." మళ్ళీ ఫైలు తిప్పుతూ, "జడ్జి గారిని గూడ ఏమనలేం. రేపు ఇంకో షట్టర్ లేస్తే అందరు ఆయన్నే అడుగుతరు" అన్నాడు.

బెయిల్ రద్దయింది. బయట వాన మొదలైంది, మొదటి వాన. అక్కడ పల్లెలో పంచిన విత్తనం ఇంట్లోనే ఉండి ఉంటుంది. అతని భార్య బిడ్డను వీపున కట్టుకుని ఎంతవరకు చల్లగలిగిందో మాకు తెలియలేదు. ఆ సాయంత్రం హార్డ్‌వేర్ షాపాయన ఇప్పటికైనా బుద్ధి వచ్చిందన్నాడు. గాజుల పెద్దమ్మ మాత్రం, "ఆ పిల్లకు చంటిబిడ్డ కద" అని అబ్బాను అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

తర్వాత అబ్బా ఒకటి రెండుసార్లు జైలుకు, ములాఖత్‌కు పోయాడు. నన్ను తీసుకుపోలేదు. మళ్ళీ బెయిల్ అడిగారు, వాయిదాలు పడుతున్నాయి. అందుకని అతను నాతో చివరిగా మాట్లాడింది బెయిల్ రద్దయిన ఆ రోజు, కోర్టు మెట్ల దగ్గరే. ఇద్దరు కానిస్టేబుళ్ళు అతన్ని వ్యాన్ వైపు నడిపిస్తున్నారు. అబ్బా లాయరుతో లోపలే ఉండిపోయాడు, తన ఇంటి కాగితాల సంగతి ఏమవుతుందోనని అడుగుతూ. నేను వానలో గోడ పక్కన నిలబడ్డాను.  అతను నన్ను చూసి ఆగాడు. కానిస్టేబుల్ కూడా ఆగనిచ్చాడు. ముఖం మీద వాన తుడుచుకుని, ఎవరూ వినకూడదన్నట్టు మెల్లగా అడిగాడు:

"చెల్లె, లోపలున్నా సోమారం సంతకం పెట్టాల్నా? పెట్టకుంటే సేటు మీదికి వస్తదేమో, జర అడుగు."